పీసీడీ కలిసింది సరే, ఆఫ్‌సెట్ సంగతేమిటి?

ప్రశ్న: నా కారుకు కంపెనీ ఇచ్చిన రిమ్ముల మీద 6.5జె × 16 (వెడల్పు, వ్యాసం అంగుళాల్లో), ఈటీ46 (ఆఫ్‌సెట్ మిల్లీమీటర్లలో) అని ఉంది. టైర్లు 205/55 ఆర్16. వీటి బదులు 17 అంగుళాల అలాయ్‌లు వేయించుకోవాలని ఉంది. 8జె × 17, ఈటీ35 సెట్టు ఒకటి నచ్చింది. దానికి 225/45 ఆర్17 టైర్లు వేస్తారట. "బోల్టు రంధ్రాలు (పీసీడీ) కలుస్తున్నాయి, ఈటీలో పదకొండు మిల్లీమీటర్లు పెద్ద తేడా కాదు" అంటున్నాడు అమ్మే అతను. ఇప్పుడు నా కారులో టైరుకూ స్ట్రట్‌కూ (చక్రం లోపలివైపు నిలబడే సస్పెన్షన్ గొట్టం) మధ్య 14 మి.మీ. ఖాళీ ఉంది. ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచు కంటే టైరు 15 మి.మీ. లోపలికి ఉంది. ఆ సెట్టు వేయించవచ్చా? లేక ఈటీ45 రిమ్ములు కొని స్పేసర్లు (కారుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లలు) వేసుకోవడం మేలా?

జవాబు: ఆ సెట్టు వదిలేయండి. స్పేసర్ల ఆలోచన కూడా మానేయండి, ఎందుకో కింద చెబుతాం. ఈటీలో 11 మి.మీ. అన్నది విడిగా చూస్తే నిజంగానే చిన్న అంకె. కానీ మీరు చూసిన రిమ్ము వెడల్పు కూడా ఒకటిన్నర అంగుళం ఎక్కువ. ఆ రెండూ కలిస్తే రిమ్ము బయటి అంచు ఇప్పుడున్న చోటు నుంచి 30 మి.మీ. బయటికి వస్తుంది. టైరు ఫెండర్‌ను దాటి 4 మి.మీ. బయట ఉంటుంది. ఈ అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే ఇకమీదట ఏ రిమ్ము కనబడ్డా రెండు నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు. మీరు ఖాళీలు ముందే కొలిచి పంపడం చాలా మంచి పని. అవి లేకుండా ఈ ప్రశ్నకు ఎవరు జవాబిచ్చినా ఊహే అవుతుంది.

ముందు ఆఫ్‌సెట్ అంటే ఏమిటో చూద్దాం. రిమ్మును దాని వెడల్పు మధ్యలో సరిగ్గా రెండుగా కోశారనుకోండి. కోత పడిన చోటు మధ్యరేఖ. హబ్‌కు, అంటే కారు వైపున చక్రాన్ని మోసే భాగానికి, ఆనుకుని బిగిసే చదునైన ముఖం ఆ మధ్యరేఖ నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. ఆ ముఖం వీధి వైపుకు జరిగి ఉంటే ప్లస్, కారు వైపుకు జరిగి ఉంటే మైనస్, సరిగ్గా మధ్యలో ఉంటే సున్నా. ముందు చక్రాలతో నడిచే కార్లలో దాదాపు అన్నీ ప్లస్సే. ఇక్కడ చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. హబ్ కారుకు బిగిసి ఉంటుంది, అది కదలదు. అందుకే ప్లస్ అంకె పెరిగితే రిమ్ము లోపలికి వెళ్తుంది, తగ్గితే బయటికి వస్తుంది. ఈటీ35 అంటే ఈటీ46 కంటే 11 మి.మీ. బయట.

రిమ్ము మీద ఈ అంకె స్పోక్ వెనకవైపో, హబ్‌కు ఆనే ముఖం చుట్టూనో ఉంటుంది. కొన్నింటి మీద ఈటీ అనీ, కొన్నింటి మీద ఆఫ్‌సెట్ అనీ, కొన్నింటి మీద ఉత్త అంకె మాత్రమే ఉంటుంది. పెట్టె మీద రాసిందో, అమ్మే వాళ్ల చీటీ మీద రాసిందో కాక రిమ్ము మీద పోతపోసిన అంకెనే నమ్మండి. ఒకే డిజైన్‌ను రెండు మూడు ఆఫ్‌సెట్లలో చేస్తారు. బయటికి ఒకేలా కనబడతాయి.

అంకె అరిగిపోయిన పాత రిమ్ము అయితే కొలుచుకోవచ్చు. రిమ్మును ముఖం కిందకి పెట్టి, వెనక అంచుల మీద అడ్డంగా ఒక తిన్నని బద్ద ఆనించండి. బద్ద కింది అంచు నుంచి హబ్‌కు ఆనే ముఖం వరకూ లోతు కొలవండి. రిమ్ము మొత్తం వెడల్పులో సగాన్ని ఆ లోతులోంచి తీసేస్తే మిగిలేది ఆఫ్‌సెట్. ఇక్కడ ఒక మెలిక ఉంది. 6.5జె అన్నప్పుడు ఆ ఆరున్నర అంగుళాలు టైరు అంచులు కూర్చునే చోటు నుంచి చోటు వరకు. బయటి పెదవులతో కలిపితే మొత్తం వెడల్పు ఇంకో అంగుళం ఎక్కువ వస్తుంది. మీ రిమ్ము విషయంలో మొత్తం 190.5 మి.మీ., సగం సుమారు 95. లోతు 141 వస్తుంది, అందులోంచి 95 పోతే 46. పేరులో ఉన్న ఆరున్నర అంగుళాలనే మొత్తం వెడల్పుగా పట్టుకుని లెక్కేస్తే ఈటీ దాదాపు 13 మి.మీ. ఎక్కువ వచ్చి కూర్చుంటుంది. టైరు ఎక్కించిన చక్రమైతే బద్ద రిమ్ము మీద కాకుండా ఉబ్బిన సైడ్‌వాల్ మీద ఆనుతుంది. అప్పుడు బద్దకూ రిమ్ము పెదవికీ మధ్య ఉన్న సందును కూడా కొలిచి తీసేయాలి.

ఇప్పుడు అసలు లెక్క. చక్రం సరిపోతుందా లేదా అన్నది ఈటీ ఒక్కటే చెప్పదు. వెడల్పును కలిపి చూడాలి, ఎందుకంటే వెడల్పు పెరిగినప్పుడు మధ్యరేఖకు రెండువైపులా సమానంగా పెరుగుతుంది. వెడల్పు తేడాను మి.మీ.లోకి మార్చి సగం చేయండి. ఈటీ ఎంత తగ్గిందో దానికి కలిపితే బయటి అంచు ఎంత బయటికి వచ్చిందో తెలుస్తుంది. అదే సగంలోంచి ఈటీ తగ్గుదలను తీసేస్తే లోపలి అంచు స్ట్రట్‌కు ఎంత దగ్గరైందో తెలుస్తుంది. ఈటీ తగ్గకుండా పెరిగితే కూడికా తీసివేతా తారుమారు అవుతాయి.

మీరు చూసిన సెట్టుకు వేద్దాం. 6.5 నుంచి 8కి తేడా 1.5 అంగుళాలు, అంటే 38 మి.మీ., సగం 19. ఈటీ 11 తగ్గింది. బయట 19 + 11 = 30 మి.మీ. బయటికి. లోపల 19 − 11 = 8 మి.మీ. స్ట్రట్ వైపుకు. అదే 7.5జె, ఈటీ45 అయితే వెడల్పు తేడా ఒక అంగుళం, సగం 12.7, ఈటీ తేడా ఒకటి. బయట సుమారు 13.7, లోపల 11.7. చూశారుగా, ఈటీ దాదాపు మారకపోయినా రెండువైపులా చోటు తగ్గింది. "పాత ఈటీయే కదా, ఏమీ కాదు" అనుకుని వెడల్పు రిమ్ము కొనేవాళ్లు స్ట్రట్ దగ్గర దెబ్బతినేది ఇందుకే.

ఇదంతా రిమ్ము అంచుల లెక్క. ఫెండర్‌కో స్ట్రట్‌కో మొదట తగిలేది మాత్రం చాలా కార్లలో టైరు. టైరు మీద 205 అని ఉన్నా, అది ఎక్కిన రిమ్మును బట్టి అసలు వెడల్పు మారుతుంది. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు సుమారు 5 మి.మీ. వెడల్పవుతుంది. టైరు కంపెనీ సాంకేతిక పట్టికలో ఆ సైజును ఏ వెడల్పు రిమ్ము మీద కొలిచారో, అప్పుడు ఎంత వెడల్పు వచ్చిందో ఇస్తారు. 205/55 ఆర్16ను 6.5జె మీద కొలుస్తారు, సుమారు 214 మి.మీ. 225/45 ఆర్17ను 7.5జె మీద కొలుస్తారు, 225 మి.మీ. అదే టైరు 8జె మీద సుమారు 230.

హబ్ ముఖాన్ని సున్నా అనుకుని ఈ అంకెలతో మళ్లీ చూడండి. ఇప్పుడు మీ టైరు బయటివైపు 107 − 46 = 61 మి.మీ. వరకు, లోపలివైపు 107 + 46 = 153 మి.మీ. వరకు ఉంది. మీ కొలతలను కలిపితే ఫెండర్ అంచు 76 దగ్గర, స్ట్రట్ 167 దగ్గర ఉన్నట్టు. 8జె, ఈటీ35 మీద 225 టైరు బయట 115 − 35 = 80 వరకు వస్తుంది. ఫెండర్ దాటి 4 మి.మీ. లోపల 115 + 35 = 150, అంటే స్ట్రట్ దగ్గర ఇప్పటికంటే చోటు ఎక్కువే. కాబట్టి ఆ సెట్టుతో మీ బాధంతా బయటివైపు. పైగా 8జె రిమ్ము సగం వెడల్పు 114.3, దాని మీద టైరు సగం 115. రిమ్ము పెదవికీ సైడ్‌వాల్‌కూ మధ్య మిల్లీమీటరు కూడా తేడా లేదు. ఇప్పుడున్న చక్రంలో టైరు రిమ్ము కంటే దాదాపు 12 మి.మీ. బయటికి ఉబ్బి దాన్ని కాపాడుతోంది. కొత్తదానికి ఆ అండ ఉండదు, పేవ్‌మెంట్ రాయికి ఆనించి పార్క్ చేసిన మొదటిసారే పెదవి గీసుకుపోతుంది.

ఇదే పద్ధతిలో మీ కారుకు ఏ ఈటీ సరిపోతుందో కూడా వెనక్కి లెక్కేయవచ్చు. స్ట్రట్ దగ్గర కనీసం 5 మి.మీ., ఫెండర్ అంచుకు లోపల కనీసం 5 మి.మీ. ఉంచుకోవాలనుకుందాం. 225 టైరు వేసిన 7.5జె రిమ్ముకు లోపలి హద్దు 162, అందులోంచి 112.5 తీసేస్తే ఈటీ 49.5 దాటకూడదు. బయటి హద్దు 71, కాబట్టి ఈటీ 41.5కు తగ్గకూడదు. అంటే 42 నుంచి 49 వరకు ఏదైనా సరే. అదే 8జె అయితే 44 నుంచి 47 వరకే వీలు. మూడు మిల్లీమీటర్ల సందు. అదే సైజు టైరు ఒక కంపెనీది ఇంకో కంపెనీదానికంటే కొన్ని మిల్లీమీటర్లు వెడల్పు ఉండటం మామూలే కాబట్టి ఆ సందును నమ్ముకుని డబ్బు పెట్టలేం. మీ కారుకు 7.5జె దాటవద్దని మా మాట. ఈటీ45 అయితే స్ట్రట్ దగ్గర 9.5, ఫెండర్ దగ్గర 8.5 మి.మీ. మిగులుతుంది. హాయిగా ఉంటుంది.

స్ట్రట్‌కు 5 చాలా, ఫెండర్‌కూ అంతేనా అని అడగవచ్చు. మామూలు స్ట్రట్ సస్పెన్షన్‌లో స్ట్రట్ చక్రంతోపాటే పైకీ కిందకీ కదులుతుంది, స్టీరింగ్ తిప్పితే దానితోపాటే తిరుగుతుంది. వాటి మధ్య దూరం పెద్దగా మారదు, కాబట్టి కొద్ది సందు చాలు. ఫెండర్ బాడీకి బిగించినది. గుంతలో పడ్డప్పుడు చక్రం దానిలోకి ఎగదన్నుతుంది. చాలా ముందు సస్పెన్షన్లు అణిగేటప్పుడు చక్రం పైభాగాన్ని కాస్త లోపలికి వంచుతాయి కాబట్టి 5 మి.మీ. సరిపోతుంది. వెనక ట్విస్ట్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం) ఉన్న కార్లలో ఆ వంపు పెద్దగా మారదు, టైరు దాదాపు నిటారుగా పైకి వస్తుంది. అందుకని మీరు పంపిన 15 మి.మీ. ముందు చక్రానిదా వెనక చక్రానిదా చూసుకోండి, రెండూ వేర్వేరుగా కొలవండి. ఎడమ, కుడి కూడా. ఒకే కారులో పక్కపక్కన కొన్ని మిల్లీమీటర్ల తేడా కనబడితే ఆశ్చర్యపోకండి. నాలుగింటిలో తక్కువ వచ్చిన అంకెతోనే లెక్క వేయాలి. ముందు ముందు స్ప్రింగులు మార్చి కారు కిందికి దించాలన్న ఆలోచన ఉంటే ఈ అంకెలు చెల్లవు.

కొలిచే తీరు: కారు సమతలం మీద, చక్రాలు తిన్నగా, గాలి సరిగ్గా ఉండాలి. దారానికి ఒక నట్టు కట్టి ఫెండర్ పైఅంచు నుంచి వేలాడదీసి, దారానికీ సైడ్‌వాల్‌లో బాగా ఉబ్బిన చోటుకూ మధ్య దూరం చూడండి. స్ట్రట్ దగ్గర స్కేలు పట్టదు. పిల్లలు ఆడుకునే బంకమట్టిని ముద్ద చేసి సందులో దూర్చి నొక్కి, తీసి దాని మందం కొలిస్తే సరి. స్ట్రట్ గొట్టం పక్కనే కాకుండా స్ప్రింగు కూర్చునే పళ్లెం కింద, టైరు భుజం దగ్గర కూడా చూడండి. కొన్ని కార్లలో సన్నని సందు అక్కడే ఉంటుంది, టైరు ఎత్తు పెరిగితే మొదట తగిలేదీ అదే. మీ విషయంలో ఎత్తు భయం లేదు. ఇప్పటి టైరు వ్యాసం 632 మి.మీ., 225/45 ఆర్17ది 634. స్పీడోమీటరు కూడా తేడా చూపదు.

ఇంతవరకు చెప్పింది "పడుతుందా" అన్న ప్రశ్నకు. "పట్టాక ఎలా నడుస్తుంది" అన్నది వేరే ప్రశ్న, దానికి వెడల్పుతో పని లేదు, ఈటీ ఒక్కటే చూడాలి. రిమ్ము వెడల్పు ఎంత పెరిగినా ఈటీ మారకపోతే మధ్యరేఖ కదలదు. ఈటీ 11 తగ్గితే టైరు నేలను తాకే భాగం మధ్యబిందువు సరిగ్గా 11 మి.మీ. బయటికి పోతుంది. ఫెండర్‌ను సాగదీసి చోటు చేసుకున్నవాళ్లకు కూడా ఈ రెండో ప్రశ్న తప్పదు.

ముందు చక్రం స్టీరింగ్ తిప్పినప్పుడు ఒక వాలు రేఖ చుట్టూ తిరుగుతుంది. స్ట్రట్ పైన బాడీకి బిగిసే చోటు నుంచి కింది ఆర్మ్ బాల్ జాయింట్ గుండా పోయే రేఖ అది. దాన్ని నేల దాకా పొడిగిస్తే అది నేలను తాకిన చోటుకూ టైరు తాకిడి మధ్యబిందువుకూ మధ్య దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. ముందు చక్రాలతో నడిచే ఎన్నో కార్లలో కంపెనీ దీన్ని చాలా చిన్నదిగా, తరచు మైనస్ వైపుకు, అంటే రేఖ నేలను తాకే చోటు టైరు మధ్యబిందువు కంటే బయట పడేలా ఉంచుతుంది. కావాలని చేసిన పని అది. ఒక ముందు చక్రం తారు మీద, ఇంకొకటి ఇసుకలోనో నీళ్లలోనో ఉండగా బ్రేకు వేశారనుకోండి. పట్టు ఉన్న వైపుకు కారు తిరగబోతుంది. మైనస్ స్క్రబ్ ఉంటే పట్టు ఉన్న చక్రం మీద పడే బ్రేకు బలమే స్టీరింగ్‌ను ఎదురు దిశకు కాస్త తిప్పి ఆ తిరుగుడును తగ్గిస్తుంది. కర్ణంగా (ఒక ముందు చక్రం, దాని ఎదురు మూలనున్న వెనక చక్రం ఒక జతగా) రెండు భాగాలు చేసిన బ్రేకు వ్యవస్థలో ఒక భాగం పనిచేయకపోయినా ఇదే కాపాడుతుంది.

కొన్ని మిల్లీమీటర్ల మైనస్ ఉన్న చోట 11 బయటికి జరిపితే ప్లస్‌లోకి వెళ్లిపోవచ్చు. అప్పుడు అదే బ్రేకు బలం కారు తిరుగుతున్న వైపుకే స్టీరింగ్‌ను లాగుతుంది. రోజువారీ నడకలో కనబడేవి ఇవి: ఒక చక్రం గుంతలో పడితే స్టీరింగ్ చేతిలో తన్నడం, భారీ వాహనాలు తిరిగి గాడి పడ్డ రోడ్డు మీద కారు గాడిని వెతుక్కుంటూ అటూ ఇటూ పోవడం, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే పక్కకు లాగడం. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఇవి పోవు, ఎందుకంటే అలైన్‌మెంట్‌లో లోపమే లేదు. వెడల్పు టైరు ఈ గుణాలను ఇంకాస్త పెంచుతుంది.

బేరింగ్ గురించి అందరూ భయపెడతారు. ఆ భయంలో నిజం ఎంతో చూద్దాం. కారు బరువు బేరింగ్ వరుసల మధ్యకు దగ్గరగా పడేలా కంపెనీ ఈటీని ఎంచుతుంది. చక్రం బయటికి జరిగితే ఆ బరువు పలుగు చివర పట్టి ఎత్తినట్టు బేరింగ్‌ను మెలిపెడుతుంది. అయితే మలుపుల్లో టైరు అడుగు నుంచి వచ్చే పక్క బలం 30 సెంటీమీటర్లకు పైబడిన వ్యాసార్ధంతో బేరింగ్‌ను వంచుతుంది. దాని ముందు 5 మి.మీ. ఈటీ తేడా చాలా చిన్నది. కాబట్టి నాలుగైదు మిల్లీమీటర్లకు బేరింగ్ పోతుందని బెంగ అక్కర్లేదు. 20, 25 మి.మీ. బయటికి తెచ్చి, నిండా జనంతో గుంతల రోడ్డు మీద తిప్పితే మాత్రం ఆయుష్షు తగ్గడం ఖాయం. చక్రం బయటికి పోయే కొద్దీ కింది ఆర్మ్ మీద దాని పట్టు పెరిగి స్ప్రింగు మెత్తబడినట్టు కూడా అవుతుంది. బురద, కంకర తలుపుల మీదకి ఎగరడం ఇంకో చిరాకు.

మరి ఎక్కువ ఈటీ మంచిదా అంటే, అదీ హద్దుల్లోనే. స్ట్రట్‌కో బ్రేకు గొట్టానికో టైరు రాసుకుంటే సైడ్‌వాల్ లోపలివైపు గుండ్రంగా నున్నటి గీత పడుతుంది. అది బయటికి కనబడదు, టైరు పగిలేదాకా తెలియకపోవచ్చు. ఫెండర్‌కు తగిలితే కనీసం చప్పుడైనా వస్తుంది.

అయినా రెండు ఈటీల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే ఎక్కువ ఉన్నదే తీసుకోండి. దాన్ని స్పేసర్‌తో తగ్గించుకోవచ్చు. తక్కువ ఈటీని పెంచే దారి ఒకటే, హబ్‌కు ఆనే ముఖాన్ని చెక్కడం. ఆ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి, బోల్టుల బలమంతా నిలిచేది ఆ లోహం మీదే.

స్పేసర్ లెక్క తేలిక. దాని మందం ఈటీలోంచి పోతుంది. ఈటీ45కు 10 మి.మీ. స్పేసర్ వేస్తే అది ఈటీ35తో సమానం, స్క్రబ్ రేడియస్‌తో సహా. అంటే మీరడిగిన రెండో దారి వేరే పేరుతో మొదటి దారికే తీసుకుపోతుంది. మీ కారులో ఈటీ45, 7.5జెకు స్పేసర్ అవసరమే లేదు. ఎప్పుడైనా వేయాల్సి వస్తే హబ్ మీద కూర్చునే లోపలి గట్టూ, రిమ్మును పట్టుకునే బయటి గట్టూ రెండూ ఉన్నదే వేయండి. 3, 5 మి.మీ. పలుచటి బిళ్లల్లో బయటి గట్టు ఉండదు. అవి హబ్ గట్టును మింగేసి రిమ్ముకు ఆనుకునే చోటు మిగల్చవు. బోల్టు కూడా స్పేసర్ మందమంత పొడుగు కావాలి. ఎం12 × 1.5 బోల్టు అయితే మర కనీసం 8 పూర్తి చుట్లు, ఎం14 × 1.5 అయితే 9 నుంచి 10 చుట్లు పట్టాలి. అలాగని మరీ పొడుగైతే వెనకనున్న బ్రేకు భాగాలకు కొడుతుంది. బిగించాక హబ్‌ను చేత్తో తిప్పి చూడండి. పాత బోల్టులు పారేయకండి. స్టెప్నీ వేసేటప్పుడు స్పేసర్ తీసేస్తే పొడుగు బోల్టులు పనికిరావు. రెండు స్పేసర్లు ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ వేయకూడదు.

ఇక మిగతా కొలతలు. "రంధ్రాలు కలుస్తాయి" అన్న మాటను కూడా కంటితో నమ్మకండి. ఐదు రంధ్రాల రిమ్ములో పక్కపక్క రంధ్రాల మధ్యబిందువుల దూరాన్ని 1.7తో గుణిస్తే పీసీడీ, అంటే రంధ్రాల మధ్యబిందువుల గుండా పోయే వలయం వ్యాసం, వస్తుంది. 5 × 112లో ఆ దూరం 65.8 మి.మీ., 5 × 114.3లో 67.2. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. బలవంతంగా బిగిస్తే బిగిసిపోతుంది కూడా. బోల్టులు వంగి లాక్కుని ఉంటాయి, కొన్నాళ్లకు వదులవుతాయి, లేదా విరుగుతాయి. సెంటర్ బోర్, అంటే హబ్ గట్టు దూరే మధ్య రంధ్రం, రిమ్ముది పెద్దదైతే రింగుతో సరిపెట్టవచ్చు. హబ్ 57.1, రిమ్ము 66.6 అయితే 66.6 నుంచి 57.1కి తగ్గించే రింగు కావాలి. రిమ్ముదే చిన్నదైతే ఆ రిమ్ము మీ కారుకు కాదు. రింగు లేకుండా నడిపితే ఒక వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద మాత్రం ఏ తప్పూ కనబడదు. బోల్టు తల ఆనే గుంట ఆకారం కూడా చూడండి. కంపెనీ రిమ్ముకు గుండ్రటి గుంట, అలాయ్‌కు 60 డిగ్రీల శంకువు గుంట ఉండటం మామూలే. గుండ్రటి తల శంకువులో సన్నటి గీత మీదే ఆనుతుంది, ఎంత బిగించినా వదులవుతుంది. రిమ్ముతోపాటు దానికి తగిన బోల్టులు అడిగి తీసుకోండి.

బరువు మోసే సామర్థ్యం రిమ్ము వెనక కిలోల్లో పోతపోసి ఉంటుంది. దాన్ని రెండుతో గుణిస్తే మీ కారు ప్లేటు మీద ఆ ఇరుసుకు రాసిన గరిష్ఠ బరువు కంటే తక్కువ రాకూడదు. టైరు లోడ్ ఇండెక్స్ కూడా ఇప్పుడున్నదానికి తగ్గకూడదు. 91 అంటే టైరుకు 615 కిలోలు. రిమ్ము, టైరు సైజు మార్పుల మీద మీరున్న చోటి వాహన నియమాలు, బీమా షరతులు ఏమంటున్నాయో కొనకముందే చూసుకోండి.

బ్రేకు కాలిపర్ (బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగం) విషయంలో ఏ లెక్కా సాయపడదు. ఒకే వెడల్పు, ఒకే ఈటీ ఉన్న రెండు డిజైన్లలో ఒకదాని స్పోక్ కాలిపర్‌ను తప్పించుకుని బయటికి వంగి ఉంటుంది, ఇంకోదానిది తిన్నగా దిగి దానికి కొడుతుంది. అందుకే టైరు ఎక్కించకముందే ఉత్త రిమ్మును ముందు హబ్‌కు పెట్టి చూడమని పట్టుబట్టండి. టైరు ఎక్కించాక గీత పడ్డ రిమ్మును ఎవరూ వెనక్కి తీసుకోరు. హబ్ మీది తుప్పును వైర్ బ్రష్‌తో తీసి, రిమ్మును ఆనించి, బోల్టులన్నీ చేత్తో బిగించి నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. స్పోక్‌కూ కాలిపర్‌కూ మధ్య, రిమ్ము లోపలి గుండ్రానికీ కాలిపర్‌కూ మధ్య కనీసం 3 మి.మీ. కనబడాలి. బ్యాలెన్సింగ్‌కు లోపల అతికించే బరువుల మందం కూడా ఆ సందులోంచే పోతుందని గుర్తుంచుకుని, అవి కాలిపర్ ఎదురుగా రాని చోట అతికించమని చెప్పండి.

అది కుదిరితే ఒక్క రిమ్ముకే టైరు ఎక్కించి, ముందు ఒకసారి, వెనక ఒకసారి బిగించి చూడండి. కారు నేల మీదికి దించి స్టీరింగ్‌ను అటు చివరికీ ఇటు చివరికీ తిప్పండి. ముందుకు వెళ్తూ తిప్పినప్పుడు తగలనిది వెనక్కి వెళ్తూ తిప్పినప్పుడు తగలవచ్చు కాబట్టి రెండూ చూడాలి. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీలో బరువు పెట్టి స్పీడ్‌బ్రేకర్ మీద నెమ్మదిగా దాటించండి. దానికి ముందే ఫెండర్ లోపలి మడతకూ ప్లాస్టిక్ లైనర్‌కూ బంకమట్టి పట్టీలు అతికిస్తే ఎక్కడ తాకిందో అచ్చు పడి ఉంటుంది. లైనర్‌కు చివరి మలుపులో కాస్త రాసుకుంటే క్లిప్పు సర్ది, లైనర్‌ను వెనక్కి నెట్టి సరిచేయవచ్చు. ఫెండర్ ఇనుప మడతకు తాకితే ఆ రిమ్ము వద్దు. ఆ మడత టైరును కోసేస్తుంది.

అన్నీ కుదిరాక నాలుగూ బిగించేటప్పుడు గాలి గన్నుతో చివరిదాకా బిగించనివ్వకండి. నక్షత్రం క్రమంలో, టార్క్ రెంచ్‌తో, మీ కారు పుస్తకంలో రాసిన అంకెకు బిగించాలి. కొత్త అలాయ్ రంగుపొర మొదట్లో కొంచెం అణుగుతుంది. అందుకని 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక, చక్రాలు చల్లబడ్డాక అదే అంకెకు మళ్లీ చూడండి. అదే రోజు కారు కిందికి టార్చి పట్టి నాలుగు టైర్ల లోపలి సైడ్‌వాల్‌లు కూడా ఒకసారి చూసేయండి.